గేటు మూయకముందే ఇచ్చిన నంబరు

చేయని పనిని "అయిపోయింది" అని మీరు ఆఖరిసారి ఎవరితో చెప్పారు? ఎవరితోనూ చెప్పలేదని వెంటనే అనకండి. ఒక్క నిమిషం ఆగి గుర్తు తెచ్చుకోండి. చెప్పిన మీరు మరిచిపోయి ఉంటారు. విన్న మనిషి మరిచిపోడు. ఆ మాట నమ్ముకుని అతను ఇంకో దారి వెతకడం మానేస్తాడు.

నేను అలాంటి మాట ఒకరితో చెప్పాను. పోయిన నెల ఆయన చనిపోయాడు. మెట్టుగూడలో, పట్టాలకు రెండు వీధుల ఇవతల, కింది అంతస్తు ఇంట్లో, పొద్దున చాయ్ తాగి కప్పు కింద పెడుతుండగా గుండె ఆగింది. నాలుగు రోజుల తర్వాత ఆయన భార్య నన్ను పిలిచి ఒక పొడుగాటి రిజిస్టరు నా చేతిలో పెట్టింది. ఆమెను నేను వదినె అంటాను.

"నీకే ఇయ్యమన్నడు తమ్మీ. ఆఖరి పేజీల నీ నంబరున్నదట" అంది.

ఆ పేజీలో ఏముందో తర్వాత చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు నా మీద జాలిపడి ఆయన్ని మరిచిపోతారు.

ఆయన పేరు రాయను. ముప్పై ఏళ్లకు పైగా చిన్న చిన్న స్టేషన్లలో మాస్టరుగా చేసినవాడు. రిజిస్టరులో పేర్లు రాయొద్దనీ, టైమూ పనీ నంబరూ రాస్తే చాలనీ ఆయన పట్టుదల. "పేరు రాస్తే మనిషి మీద కోపమొస్తది తమ్మీ. నంబరు రాస్తే పని మీద కన్నుంటది" అనేవాడు. మా హేతువాద పత్రికకు మొదటి నుంచీ చందాదారు. ప్రతి సంచికలో తప్పులకు ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి, బోయిగూడలో పత్రిక నడిపే నా గదికి నడిచి వచ్చి ఇచ్చి వెళ్లేవాడు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి, ఎర్రదీ నీలిదీ. టైము చెప్పమంటే సాయంత్రం నాలుగుంబావు అనడు, "పదహారు పదిహేను" అంటాడు. అన్నం తిన్నాక చేయి కడుక్కుని వచ్చి "లైన్ క్లియర్" అంటాడు.

నంబరు సంగతి చెప్పకపోతే ఈ మనిషి మీకు అర్థం కాడు. చిన్న స్టేషన్లలో ఒక పద్ధతి ఉండేదట. రైలును వదిలేముందు మాస్టరు, దారిలో ఉన్న గేటుకు ఫోన్ చేసి గేటు మూయమంటాడు. గేటుమన్ మూసి, తాళం వేసి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక రెండంకెల నంబరు చెబుతాడు. మాస్టరు ఆ నంబరును తిరిగి పలికి రిజిస్టరులో రాసుకుంటాడు. ఒకసారి వాడిన నంబరును కొట్టేయాలి. ఫోన్లో మాట ఎవరైనా చెప్పొచ్చు. నంబరు చెప్పడమంటే మాత్రం పని అయిపోయిందని, అందుకు పూచీ తనదని ఒప్పుకోవడం. ఆ నంబరు విన్నాకే రైలు కదులుతుంది.

రిటైరయ్యాక ఆయన ఈ పద్ధతిని ఇంటికి తెచ్చుకున్నాడు. వదినె కొత్తిమీర తెమ్మంటే "కొత్తిమీర ఒక కట్ట, నిమ్మకాయలు నాలుగు" అని తిరిగి చెప్పి బయల్దేరేవాడు. తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి "యాభై రెండు" అనేవాడు. ఆమె కూడా "యాభై రెండు" అనాలి. అనకపోతే అక్కడే నిలబడేవాడు.

"పెండ్లయి నలభై ఏండ్లాయె. ఇంక నన్ను గేటుకాడనే నిలవెట్టిండు" అని వదినె నవ్వేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "జెర జల్దీ రా తమ్మీ. ఈనకు గాలి సోకిందని మా ఆడపడుచు బొల్లారం కెళ్లి ఒక బాబాను తోల్కొచ్చింది. డబ్బ ముందల కూసొని బొమ్మలతోని మాట్లాడుతుండట. పొద్దుగాల ఎవరో సచ్చిపోయిండని అన్నం సుత తినలే."

నాకు ఇంతకంటే ఏం కావాలి. ఆటో ఎక్కి, దారంతా ఉపన్యాసం సిద్ధం చేసుకుని వెళ్లాను. వెళ్లేసరికి ముందుగదిలో నెమలీకల కట్ట పట్టుకుని బాబా, పళ్లెంలో నిమ్మకాయలతో ఆయన చెల్లెలు ఉన్నారు. ఆయన మాత్రం కంప్యూటర్ ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవగానే చేయెత్తాడు.

"నువ్వాగు తమ్మీ. బాబాను ఒక్క మాట అడుగుత." అటు తిరిగాడు. "సచ్చినోళ్లను లేపుతవా బాబా?"

"ఆత్మతోని మాట్లాడిపిస్త" అన్నాడు బాబా.

"మాట్లాడుడు గాదు. నా దండుల డాలు పట్టుకునే ముసలోడు పొద్దుగాల పోయిండు. వాన్ని లేపుతవా, లేపవా?"

బాబా వంగి తెర వైపు చూశాడు. "గీ డబ్బల మనిషా?"

"ఔ."

బాబా కాసేపు ఆలోచించాడు. నిమ్మకాయలు సంచిలో వేసుకున్నాడు. "మంచిగనే ఉన్నడమ్మా మీ అన్న. రిటైరైండు గద, పని లేదంతే" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వదినె కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. నా ఉపన్యాసం నాలోనే మిగిలిపోయింది.

ఆ కసి ఆయన మీద తీర్చుకోబోయాను. "బాబాను పంపేశారు, బాగుంది. మరి ఇదేమిటన్నా? అదీ మత్తే, ఇదీ మత్తే" అన్నాను.

ఆయన కుర్చీ జరిపి చోటిచ్చాడు. "కూసో. చూసి తిట్టు."

రైలు సిగ్నళ్ల ఆట ఏదైనా ఉంటే ఎక్కించమని ఆయన ప్యారడైజ్ దగ్గర ఒక షాపులో అడిగాడట. ఆ షాపతను ఏం విన్నాడో గానీ, జపానువాళ్ల పాత యుద్ధపు ఆటలు, ఒకే వరసలోవి నాలుగు ఎక్కించి ఇచ్చాడు. ఇంటికొచ్చి తెరిస్తే రైళ్లు లేవు, గుర్రాలున్నాయి. వాపసు ఇచ్చేద్దామనుకుంటూనే మొదటి మైదానం చూశాడు. గళ్లు గళ్లుగా నేల, నది మీద ఒకే వంతెన, రెండు వైపులా దండ్లు. వంతుల వారీగా కదలాలి. ఒకరు దాటాలంటే ఇంకొకరు ఆగాలి. "గిది నా డ్యూటీయే గద" అనుకుని కూర్చున్నాడు.

ఈ ఆటలో చదరంగంలో ఉన్నట్టు పేరులేని పావులు ఉండవు. ప్రతి సైనికుడికీ ఒక ముఖం, ఒక కథ, ఇంటి దగ్గర ఎదురుచూసే మనుషులు ఉంటారు. వాళ్ల విదేశీ పేర్లు నోరు తిరగక ఆయన తన పేర్లు పెట్టుకున్నాడు. డాలు పట్టే ముసలివాడు గార్డు సాబ్. విల్లు పట్టిన చిన్న అమ్మాయి బిడ్డ. ఎప్పుడూ అందరూ కాపాడాల్సిన యువరాజు పెద్దసారు కొడుకు. ఒక మైదానంలో చచ్చినవాడు తర్వాతి మైదానానికి రాడు. అక్కడి నుంచి కథంతా వాడు లేకుండానే నడుస్తుంది. ఆయన ఆ చావును రిజిస్టరులో ఎర్ర పెన్నుతో ఎక్కించేవాడు. ఏ గడి, ఎన్నో వంతు, ఎవరి తప్పు. ఎక్కువసార్లు ఆ మూడో గడిలో "నాది" అని ఉండేది.

గార్డు సాబ్ ఎలా పోయాడో గళ్ల మీద వేలు పెట్టి నాకు చూపించాడు. బిడ్డను వెనక్కి పంపి, ఇరుకు దారిలో తాను అడ్డంగా నిలబడి ప్రాణం వదిలాడు. పోయినవాళ్ల వరసలో ఆ ముసలివాడి ముఖం నల్లబడి ఉంటే నాకే ఏదోలా అయింది. "మళ్లీ మొదటి నుంచి ఆడొచ్చుగా అన్నా? ఆ బటనేదో ఉందిగా?" అన్నాను.

ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. "నువ్వు పునర్జన్మ అడుగుతున్నవా తమ్మీ?"

నేను తెర వైపు తిరిగాను.

"పోయినోళ్లు తిరిగిరారు, ఉన్నప్పుడే చూసుకోవాలె అని స్టేజీ మీద చెప్తవు గద. గీ ఆటల సుత గదే రూలు. నేను బటన్ ఒత్త."

ముప్పై ఏళ్లు వేదికల మీద వాదించిన వాణ్ణి. అంత తేలిగ్గా ఎవరూ నన్ను కూర్చోబెట్టలేదు. ఆ తర్వాత వారానికోసారి వెళ్లేవాణ్ణి. ఆయన బిస్కట్టు చాయ్‌లో ముంచి, విరగడానికి ఒక్క క్షణం ముందు పైకి తీసేవాడు. ఎప్పుడూ పడలేదు. తింటూనే తెర వైపు చూస్తూ "ఈ బండిని లూప్‌ల పెడుదాం" అని ఏ గుర్రాన్నో పక్కకు జరిపేవాడు.

మొదటి మూడు ఆటలు పూర్తిగా ఇంగ్లీషులో ఉన్నాయి. గార్డు సాబ్, బిడ్డ ఉన్న నాలుగోది, అప్పుడు ఆయన ఆడుతున్నది, ఆ దేశం దాటి బయట అమ్మకానికి రాలేదు. ఎవరో అభిమానులు కూలీ నాలీ లేకుండా కూర్చుని దాన్ని ఇంగ్లీషులోకి మార్చడం మొదలుపెట్టారు. ఇరవై ఏడు మైదానాల్లో పంతొమ్మిది దాకా చేసి ఆపేశారు. ఇరవయ్యో మైదానం నుంచి మనుషులందరూ జపానులోనే మాట్లాడతారు. ఆపేసినవాళ్లు రాసిన చివరి మాటను ఆయన నాకు చూపించాడు. "మిగతాది త్వరలో." అది రాసి ఎన్నో ఏళ్లయింది.

నాకు ఒళ్లు మండింది. "ఏం మనుషులన్నా వీళ్లు. చేయలేకపోతే మొదలుపెట్టడం ఎందుకు, జనాన్ని సగంలో వదిలేయడం ఎందుకు" అని ఎగిరాను.

ఆయన లేచి అలమరలోంచి మా పత్రిక పాత సంచిక ఒకటి తీశాడు. జపాను పల్లెల్లో తిరిగిన ఒక వైద్యుడు దయ్యాల మీద, దిష్టి మీద రాసిన వ్యాసాలను మేం తెలుగులో వరసగా వేసేవాళ్లం. ఆ సంచికలో వ్యాసం కింద నేనే వేయించిన అక్షరాల మీద వేలు పెట్టాడు. "మిగతా భాగం వచ్చే సంచికలో."

"గీ వచ్చే సంచిక ఎప్పుడొస్తది తమ్మీ? మూడేండ్ల నుంచి చూస్తున్న."

పేజీలు చాలడం లేదని ఏదో చెప్పాను.

"పోనీ. దీన్ని తెలుగు చేసినామెకు జపాను వస్తది గద. ఆమెను అడుగరాదు?"

ఆ మాటకు నేను సంచి సర్దుకుని లేవబోయాను. ఎందుకో చెప్పాలి, దాచుకుంటే ఈ వ్యాసం రాయడమే దండగ. ఆమె జపాను భాష నేర్పే టీచరు. మా హేతువాద సంఘం సభల్లో మొదటి వరసలో కూర్చునేది. బొల్లారంలో ఇల్లు కొనుక్కున్నప్పుడు వాళ్లమ్మ, ఎనభై దాటిన మనిషి, పట్టుబడితే గృహప్రవేశం హోమం దగ్గర ఒక గంట కూర్చుంది. నాకు తెలిసింది. పత్రికలో సగం పేజీ రాశాను, పేరు లేకుండా, అందరికీ తెలిసేలా. "పగలు హేతువాదం, ఇంట్లో హోమం" అని శీర్షిక పెట్టాను. ఆ ఏడాదే ఆ తల్లి పోయింది. టీచరమ్మ మళ్లీ రాలేదు. వ్యాసాలు ఆగిపోయాయి. నేను సిద్ధాంతం కాపాడానని అనుకున్నాను. నిజానికి నా పత్రికకు ఉన్న ఒకే ఒక జపాను గొంతును నేనే నొక్కేశాను.

ఇవేవీ ఆయనకు చెప్పలేదు. "అడుగుతానన్నా" అన్నాను.

అప్పటికే ఆయన కళ్లు పోతున్నాయి. నీటికాసులు. పక్కచూపు పోయి, గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య మాత్రం కనిపించేది. చుక్కలు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్లు ఆగుతుంది, పోయింది తిరిగిరాదని డాక్టరు చెప్పాడు. "డాక్టరు సుత మన రూలే చెప్పిండు" అని నవ్వాడాయన. వదినె నవ్వలేదు.

ఆ ఇరవయ్యో మైదానం నేను చూశాను. మళ్లీ ఒక నది, ఒక వంతెన. అవతల శత్రువుల్లో ఒక గుర్రపువాడు అందరికీ దూరంగా ఒంటరిగా నిలబడ్డాడు. కొట్టడానికి రాడు, వెనక్కి పోడు. మనవాళ్లు దగ్గరికి పోతే ఒక మాట అంటాడు. ఆ మాట జపానులో ఉంది.

"ఒక బండి లైను మీద ఊరికెనే ఆగిందంటే దానికి ఏదో ఆర్డరు రావాలె" అన్నాడాయన. "వీడు పగోడు గాదు తమ్మీ. వీన్ని కొట్టొద్దు. కొట్టకుంటే ఏం చెయ్యాలె? ఆ మాటల ఉన్నది."

ఫోన్ కెమెరా పెట్టి చూశాం. ఆ పాత ఆటలో అక్షరాలు చుక్కలు చుక్కలుగా, విరిగిపోయినట్టు ఉన్నాయి. ఫోన్ ఒకసారి చలికాలం అంది, ఒకసారి తలుపు అంది, ఇంకోసారి చేపలేవో అంది. ఆయన ఫోన్ బోర్లా పెట్టేశాడు. "మూడుసార్లు అడిగితే మూడు జవాబులు చెప్పే సాక్షిని నమ్మొద్దని నువ్వే రాసినవు."

తర్వాతి వారం నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. గ్రాఫు కాగితం. భూతద్దం పెట్టుకుని తెర మీది చుక్కలు లెక్కపెట్టి, ఒక్కో చుక్కకు ఒక్కో గడి నీలి పెన్నుతో నింపి, ఆ మాట మొత్తాన్ని పెద్దగా దింపాడు. తనకు ఒక్క ముక్క తెలియని భాష. ఒక్క గడి కూడా బయటికి పోలేదు. అందుకు ఆరు రోజులు పట్టిందనీ, మధ్యమధ్య కళ్లు మూసుకుని తడిబట్ట వేసుకునేవాడనీ వదినె తర్వాత చెప్పింది.

"ఇంక ఎనిమిది మైదానాలున్నయి. వారానికొకటి. రెండు నెలలు నా కండ్లు ఆగితే సాలు" అన్నాడు. "ముందుగాల ఈ ఒక్క కాయితం ఆమెకియ్యి. ఇచ్చినాంక నంబరు చెప్పు."

కాగితం నా సంచిలో పెట్టుకున్నాను.

పది రోజుల తర్వాత ఫోన్ చేశాడు. నేను ప్రెస్సులో ఉన్నాను, మిషన్ల మోత. "ఇచ్చినవా తమ్మీ?"

"ఇచ్చానన్నా."

"నంబరు?"

నోటికొచ్చింది చెప్పాను. "ముప్పై ఎనిమిది."

"ముప్పై ఎనిమిది" అని తిరిగి పలికాడు. అవతల పెన్ను మూత తీసిన చప్పుడు వినపడింది. "లైన్ క్లియర్ తమ్మీ. మంచిది."

కాగితం సంచిలోనే ఉంది. రేపు వెళ్దాం అనుకున్నాను. వెళ్తే ఏమంటుంది, గుమ్మంలోనే నిలబెట్టి ఏం అడుగుతుంది అనుకున్నాను. మూఢనమ్మకాలకు భయపడని వాణ్ణి, ఒక మనిషి గుమ్మానికి భయపడ్డాను. ఆయన అడిగినప్పుడల్లా టీచరుకు తీరిక లేదన్నాను, పరీక్షలన్నాను, ఊళ్లో లేదన్నాను. ఆయన ఎప్పుడూ నొక్కి అడగలేదు. "సిగ్నల్ రాలే, అంతే గద. ఆగుదాం" అనేవాడు. ఏడాదిన్నర.

నా నేరం ఎక్కడుందో సరిగ్గా చూడండి. కాగితం ఇవ్వకపోవడం చిన్న తప్పు. ఇచ్చానని నంబరు చెప్పడమే పెద్ద తప్పు. నేను ఆ ముప్పై ఎనిమిది చెప్పకపోయి ఉంటే ఆయన ఇంకెవరినైనా అడిగేవాడు. చేతికర్ర పట్టుకుని ఊరంతా తిరిగి జపాను వచ్చినవాళ్లను పట్టుకునేవాడు. నంబరు వచ్చాక ఆయన ఎవరినీ అడగలేదు. నంబరు వచ్చిన గేటును మళ్లీ అనుమానించడం ఆయన డ్యూటీలో లేదు.

ఆ ఏడాదిన్నరలో ఆయన ఒక్క అడుగు కదపలేదు. పొద్దున లేచి, చాయ్ తాగి, కంప్యూటర్ తెరిచేవాడట. మైదానం చూసేవాడు. తన వాళ్లందరూ ఉన్నారని లెక్క చూసుకునేవాడు. కట్టేసేవాడు. "ఆడరాదు, ఎందుకు ఊకె చూసుడు అంటే, ఆర్డర్ రావాలె అంటడు" అంది వదినె.

ఆఖరుసారి వెళ్లినప్పుడు తెర మీద ఆయనకు వెలుతురు తప్ప ఏమీ కనపడటం లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"గుర్రపోడు ఉన్నడా?"

"ఉన్నాడన్నా. అక్కడే ఉన్నాడు."

"బిడ్డ?"

"వంతెన ఇవతల, చెట్టు పక్క గడిలో ఉంది."

"మంచిది. ఆ పొల్లను గార్డు సాబ్ కాపాడిండు. జెర పైలం." కప్పు తడిమి దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత, నేను అడక్కుండానే, ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పాడు. తాను కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు ఒక గేటుమన్ అన్నం తింటూ ఫోన్ ఎత్తాడట. లేచి మూయొచ్చులే అని ముందే నంబరు చెప్పాడట. ఈయన రాసుకుని బండి వదిలాడు. గేటు తెరిచే ఉంది. డ్రైవర్ దూరం నుంచి చూసి బ్రేకు వేశాడు, అయినా ఎడ్లబండి తగిలింది. మనిషి దూకి బతికాడు. ఎడ్లు రెండూ పోయాయి.

"వాడు సెడ్డోడు గాదు తమ్మీ. ఆకలైంది, అంతే." ఆయన చూపు నా మీద లేదు, నా వెనక గోడ మీద ఉంది. "నువ్వు నంబరిచ్చినవు గద. గేటు మూసినాంకనే ఇచ్చినవా?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. సంచి నా ఒళ్లోనే ఉంది, కాగితం సంచిలో ఉంది.

"మూశాకే అన్నా" అన్నాను.

ఆయన తలూపాడు. బిస్కట్టు ముంచాడు. అది విరిగి కప్పులో పడింది. ఆయనకు తెలియలేదు.

మూడు వారాల తర్వాత పోయాడు. ముందే రాసిచ్చినట్టు కళ్లు దానం చేశారు. చూపు లేకపోయినా పైపొర బాగుంటే ఇంకొకరికి పనికొస్తుందట. ఆయన చెల్లెలు అడ్డుపడబోతే వదినె ఒకే మాట అంది. "ఆయన రిజిస్టర్ల రాసిండు. రాసింది రాసినట్టు జరగాలె."

ఇప్పుడు ఆ ఆఖరి పేజీ. ఆయన నాకు ఫోన్ చేసిన రోజు, టైము, దాని పక్కన ముప్పై ఎనిమిది, నీలి పెన్నుతో గుండ్రంగా ఉన్నాయి. ఆ వరసలోనే చివరి గడిలో, చాలా తర్వాత రాసిన అక్షరాలున్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, గీతలు దాటి, చూపు లేని చేయి రాసినవి. "నంబరు అందింది. గేటు మూసినట్టు లేదు. మనిషి మంచోడు. ఆగుదాం."

ఆయనకు తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో నాకు ఎప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే బొల్లారం వెళ్లాను. టీచరమ్మ తలుపు తీసి కొంతసేపు చూసింది.

"ఏం సంపాదకులుగారూ, దారి తప్పారా? మా ఇంట్లో హోమం జరిగింది, తెలుసుగా. మైలేమీ అంటదా?"

"మీరు ఏమన్నా పడతానండి. ముందు ఈ కాగితం చదవండి."

సంచిలో నలిగి మడతల దగ్గర చిరుగుతున్న ఆ కాగితాన్ని ఆమె బల్ల మీద పరిచింది. వేలితో గళ్ల మీద రాసుకుంటూ పోయింది. ఆమె చదవడం ముగిసేసరికి నాకిచ్చిన టీ మీద ఇంకా మీగడ కూడా కట్టలేదు.

"'నా చెల్లెలు మీ వైపు ఉంది. విల్లు పట్టిన పిల్ల. తను వచ్చి పిలిస్తే వస్తాను. ఇంకెవరు పిలిచినా రాను.' ఇంతేనండి." కాగితం తిప్పి చూసింది. "ఎవరు రాశారిది? ఇంత శ్రద్ధగా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె కాగితాన్ని పాత మడతల మీదే మడిచింది.

"నాకు ఒక్క ఫోన్ చేసుంటే ఏం చేసేదాన్నో తెలుసా?" అంది చివరికి. "మిమ్మల్ని ఓ అరగంట తిట్టి, ఆ తర్వాత చదివిపెట్టేదాన్ని. ఆ అరగంట తిట్లకు భయపడ్డారా?"

అవును. అందుకే.

మర్నాడు ఇద్దరం మెట్టుగూడ వెళ్లాం. వదినె కంప్యూటర్ తెరిచింది, ఇన్నాళ్లు పక్కనుండి చూసి నేర్చుకుందట. టీచరమ్మ చెప్పినట్టు చెట్టు పక్కనున్న బిడ్డను వంతెన మీదికి జరిపింది. ఇంకో వంతుకు అవతలికి దాటించింది. పక్క గడిలోకి పోగానే పిలవమని ఒక గుర్తు వచ్చింది. వదినె దాన్ని నొక్కింది. అన్నాచెల్లెళ్లు ఏదో మాట్లాడుకున్నారు. టీచరమ్మ చదువుతూ పోయింది. గుర్రపువాడి రంగు మారి మన రంగయింది.

"గింతేనా?" అంది వదినె. "గీ ముక్క కోసమా?" కొంగుతో తెర తుడిచింది, తుడవడానికి దాని మీద ఏమీ లేదు. "ఆయనుంటే ఇప్పుడు నంబరు అడుగుతుండె."

నా దగ్గర నంబరు లేదు. టీచరమ్మ "ఆదివారం వస్తానమ్మా, తర్వాతిది చదువుదాం" అని వదినెతో అంది. నాతో ఏమీ అనలేదు.

ఆయన ఎక్కడి నుంచో చూసి సంతోషించి ఉంటాడని నాతో అనకండి. చూడలేదు. చూసే కళ్లు ఉన్నప్పుడు నేను చూడనివ్వలేదు. ఆయన ఎప్పుడూ ఒత్తనన్న ఆ బటన్ నాకూ లేదు. చనిపోయినవాళ్లకు క్షమాపణ చెప్పుకోవడం కూడా ఒక రకం తంతే, దానివల్ల పోయినవాళ్లకు ఏమీ అందదు. ఈ వ్యాసం ఆయనకు అందదు. అందుకే మీకు రాస్తున్నాను. మీ మనిషి ఇంకా బతికి ఉండొచ్చు.

మీ సంచిలో ఒక కాగితం ఉంది. సగం చేసి వదిలేసిన పని, ఇస్తానన్న పుస్తకం, మాట్లాడతానన్న మనిషి, అభిమానం అడ్డొచ్చి ఎక్కని గుమ్మం. అది అయిపోయిందనుకుని ఎవరో, ఇంకెవరినీ అడక్కుండా, మీ మాట ముందు తన దండునంతా నిలబెట్టుకుని కూర్చున్నారు. ఈ పేజీ మూయండి. ఫోన్ తీసి, "నేను చేశానని చెప్పింది అబద్ధం, ఇంకా చేయలేదు" అని ముందు ఆ మాట చెప్పండి. చెప్పి, లేచి వెళ్లి ఆ గేటు మూసి రండి. నంబరు ఆ తర్వాత ఇవ్వండి.